మెషీన్‌తోపాటు మా చెల్లెలు కూడా

పొద్దున తొమ్మిదిన్నరకి రిపేరు కొట్టు వెనక గదిలోకి అడుగుపెట్టిన చెల్లెలికి తన బల్ల బోసిగా కనిపించింది. తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ ఉంది, భూతద్దం బిగించిన దీపం ఉంది, స్క్రూలు పోసుకునే బిస్కెట్ల డబ్బా మూత ఉంది. ఇరవై ఆరేళ్లుగా బల్ల మధ్యలో తిష్ఠ వేసుకున్న చిప్పుల మెషీన్ మాత్రం లేదు.

"అన్నయ్యా, నా మెషీనేదీ?" అని కేకేసింది.

"ఇక్కడే ఉంది, అరవకు. పార్టీ వస్తున్నాడు."

అన్నగారు ముందు గదిలో కౌంటరు మీద మెషీన్ పెట్టుకుని, కార్లు తుడిచే పాలిష్‌తో దాని మొహం మెరిపిస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన దాన్ని తాకడం అదే మొదటిసారి. అమ్మేస్తున్నాడట. పాత సరుకు పోగుచేసుకునే ఒకాయన ఇంటర్నెట్‌లో ప్రకటన చూసి ఎగిరి గంతేశాడట. ఇంకో గంటలో వచ్చి పట్టుకుపోతాడట. వచ్చేవారం వెనక గదిలో బల్ల తీసేసి, అక్కడ బామ్మర్ది ఫోన్ కవర్ల స్టాకు దింపుతాడట. నిన్న సాయంత్రం దాకా ఒకే కప్పు కింద పనిచేసి కూడా ఒక్క ముక్క చెప్పలేదు ఈ పెద్దమనిషి.

పైగా ఘనకార్యం చేసినట్టు ప్రకటన తెరిచి ఫోన్ ఆవిడ మొహం ముందు పెట్టాడు. 'పాత ఎలక్ట్రానిక్ డ్రమ్ మెషీన్లకు చిప్పులు రాసే యంత్రం. ముప్పై ఏళ్లుగా నా స్వహస్తాలతో వాడుతున్నాను.' ఇరవై ఆరుని ముప్పై చేయడం సరే, అది వ్యాపారం. స్వహస్తాలేమిటి? ఆ హస్తాలు ఇన్నేళ్లూ చేసిందల్లా వచ్చినవాళ్లతో చేతులు కలపడం, గల్లాపెట్టె మూయడం. చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

డ్రమ్ మెషీన్ అంటే తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. వాయించే మనిషి లేకుండా, మీట నొక్కితే దరువు వేసే పెట్టె అది. డ్రమ్ము శబ్దాలు లోపల చిప్పుల్లో ఉంటాయి. చిప్పు మారిస్తే శబ్దం మారుతుంది. కొత్త శబ్దాన్ని ఖాళీ చిప్పులోకి ఎక్కించేదే ఈ యంత్రం. మూతపడ్డ ఫ్యాక్టరీ తుక్కులో చచ్చిపడున్నదాన్ని తెప్పించి, మూడు నెలలు దాని పేగులన్నీ బయటేసుకుని కూర్చుని బతికించింది చెల్లెలు. తలుపులు దభాలున వేసిన చప్పుళ్లు, రేకు డబ్బాల మోతలు, తన చప్పట్లు రికార్డు చేసి చిప్పుల్లోకి ఎక్కించిందీ ఆవిడే. సంగీతం వాళ్లొచ్చి "మాస్టారూ, అదరగొట్టారు!" అని అన్నగారి చెయ్యి పట్టుకుని ఊపేవారు. మాస్టారు మొహమాటంగా నవ్వేవాడు. నేను కాదు బాబూ అని మాటవరసకైనా అన్నవాడు కాదు.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?" అంది చెల్లెలు.

"కొన్నది కొట్టు డబ్బుతో, కొట్టు నా పేరున ఉంది. అయినా నీ మంచికే కదే! ఈ వయసులో కళ్లు పోగొట్టుకోవడం దేనికి? ముందు గదిలో కూర్చుని కవర్లు అమ్ముకో, హాయిగా."

హాయిగానట! ఆవిడకి యాభై రెండేళ్లు. ఇది నాది అని ఈ లోకంలో వేలు పెట్టి చూపించుకోగలిగిన పని ఆ బల్ల మీద పనొక్కటే. దాన్ని పీకేస్తూ, పీకడం కూడా నీ మంచికే అంటున్నాడీయన. ఇంతలో బయట ఆటో ఆగింది.

వచ్చినాయన బక్కగా, శుభ్రంగా, చేతులకి తెల్లటి నూలు గ్లౌజులతో ఉన్నాడు. చంకలో ఒక డ్రమ్ మెషీన్‌ని పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు.

"మాస్టారంటే మీరేనా?"

"నేనే, నేనే. ఇది మా చెల్లెలు. దుమ్మూ ధూళీ దులిపి సాయం చేస్తుంటుంది."

దుమ్ము! చెల్లెలు పళ్లు నూరుకుంది.

గ్లౌజులాయన జేబులోంచి చిన్న పెట్టె తీసి రెండు చిప్పులు చూపించాడు. "కొనేముందు ఒక్క కాపీ తీసి చూపించండి మాస్టారూ. ఇది ఖాళీది. ఇది అసలుది, జాగ్రత్త. పదకొండేళ్లు వెతికితే దొరికింది. ఇది పోతే ఈ శబ్దం నాకు మళ్లీ దొరకదు."

"దానికేం భాగ్యం!" అన్నాడు అన్నగారు. అనడమైతే అన్నాడు గానీ, నుదుటి మీద చెమట పట్టింది.

మెషీన్ మీద చిప్పులు పెట్టడానికి రెండు గూళ్లున్నాయి. అసలుది ఎడమవైపు, ఖాళీది కుడివైపు పెట్టాలి. రాసేటప్పుడు కరెంటు దెబ్బ తగిలేది కుడిగూటికే. అన్నగారు అసలుదాన్ని తీసుకెళ్లి సరిగ్గా ఆ కుడిగూట్లోనే పెట్టాడు. తర్వాత స్విచ్చు కోసం వెతుక్కున్నాడు. దానికి ఒకవైపు 12 అనీ రెండోవైపు 21 అనీ అచ్చేసి ఉంది. మరీ పాత చిప్పులకి ఇరవై ఒక్క వోల్టులు కావాలి, తర్వాత వచ్చినవాటికి పన్నెండు చాలు. గ్లౌజులాయనవి పన్నెండువే. ఆ మాట ఆయనే చెప్పాడు. అన్నగారు 12 వైపు తోశాడు.

అసలు తిరకాసు అక్కడే ఉంది. పద్నాలుగేళ్ల కిందట ఆ స్విచ్చు విరిగితే చెల్లెలు వేరేది వేసింది. తొందరలో రెండు తీగలు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. రేపు సరిచేద్దాంలే అనుకుంది. ఆ రేపు ఇవాళ్టికీ రాలేదు. 12 అని ఉన్నవైపు తోస్తే ఇరవై ఒకటి వస్తుంది. ఆవిడ చేతికి అది అలవాటైపోయింది. ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేదు కాబట్టి ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు మీట నొక్కితే ఆ చిప్పు మాడి మసైపోతుంది.

చెల్లెలు చేతులు కట్టుకుని నిలబడింది. నొక్కనీ, అనుకుంది. స్వహస్తాలు కదా, నొక్కనీ. ఆయనగారి మాస్టరీ ఈ కౌంటరు మీదే తగలబడనీ. ఇరవై ఆరేళ్ల కడుపుమంట చల్లారడానికి ఒక్క క్షణం నోరు మూసుకుంటే చాలు. అన్నగారి బొటనవేలు మీట మీదికి వెళ్లింది. గ్లౌజులాయన ఊపిరి బిగబట్టి ఆ చిప్పునే చూస్తున్నాడు.

"ఆగు!"

అన్నగారి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగిందావిడ. పాపం, ఆ చిప్పేం చేసింది? మనసులోని మంటకి ఒకరి పదకొండేళ్లు ఆహుతి చేయడం ఆవిడ వల్ల కాలేదు. దానికి తన మీదే తనకి కోపం వచ్చింది కూడా.

"అసలుది ఎడమ గూట్లో పెట్టాలి. స్విచ్చు మీద అక్షరాలు నమ్మకూడదు, లోపల తీగలు తారుమారుగా ఉన్నాయి. నొక్కి ఉంటే చిప్పు పోయేది," అంది.

గ్లౌజులాయన మొహం పాలిపోయింది. గబగబా తన చిప్పు తీసి గుప్పిట్లో దాచుకున్నాడు. "మాస్టారూ, ముప్పై ఏళ్లుగా వాడుతున్నానన్నారే?"

అన్నగారు పెద్దగా నవ్వేశాడు. "మా చెల్లెల్ని పరీక్షిద్దామనే అలా పెట్టాను సార్. అంతా నేను నేర్పిందే!"

"తీగలు తారుమారైతే ఇంట్లో నేనెలా వాడుకోవాలి? మాన్యువల్ ఏమైనా ఉందా?"

"మాన్యువల్ దేనికి సార్, మా చెల్లెలుండగా! మెషీన్‌తోపాటు దాన్ని కూడా పంపిస్తా. రెండ్రోజులుంచుకోండి, మూడ్రోజులుంచుకోండి. అన్నీ చూపిస్తుంది. దానికి వేరే ఏమీ ఇవ్వక్కర్లేదు."

చెల్లెలు వెనక గదిలోకి వెళ్లి స్క్రూడ్రైవరూ, సోల్డరింగ్ ఐరనూ తెచ్చింది. ఐరన్ ప్లగ్గు కౌంటరు పక్కన పెట్టి, పాలిష్ పట్టిన మెషీన్‌ని బోర్లా తిప్పి నాలుగు మరలూ ఊడదీసింది.

"ఏం చేస్తున్నావే, సార్ ముందు?" అన్నాడు అన్నగారు.

"నువ్వు అమ్ముతున్నది మెషీన్‌నే కదా. మెషీన్ ఒక్కటే వెళ్లేట్టు చేస్తున్నా."

రెండు తీగలు ఊడదీసి, మార్చి అతికించింది. పద్నాలుగేళ్లుగా రేపు అంటూ వచ్చిన పని ఆరు నిమిషాల్లో అయిపోయింది. మీటరు పెట్టి చూపించింది. 12 దగ్గర పన్నెండు, 21 దగ్గర ఇరవై ఒకటి. ఆ మెషీన్‌కి తనతో ఉన్న అవసరాన్ని తన చేత్తోనే ఊడదీసి పారేస్తుంటే కళ్లు చెమర్చాయి.

"ఇప్పుడు మీరే చేయండి. అక్షరాలు ఎలా ఉంటే అలా నమ్మొచ్చు," అంది గ్లౌజులాయనతో.

ఆయన గ్లౌజులు తీసేసి, అసలుది ఎడమవైపు, ఖాళీది కుడివైపు పెట్టి మీట నొక్కాడు. కొత్త చిప్పుని తన పెట్టెలో గుచ్చి చూశాడు. డ్రమ్ము కొట్టు అంతా అదిరేలా మోగింది. ఆయన పిల్లాడిలా నవ్వాడు. డబ్బిచ్చేసి, మెషీన్ చేతుల్లోకి తీసుకున్నాక ఒక్క నిమిషం తటపటాయించాడు.

"ఏదైనా అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయమంటారు?"

అన్నగారు కార్డు తీసి చాపాడు. ఆయన దాన్ని చూడనైనా చూడలేదు, చెల్లెలి వైపే తిరిగి నిలబడ్డాడు. ఆవిడ తన నంబరు చెప్పింది. "అనుమానమైనా, పనైనా ఈ నంబరుకే చేయండి. పనికి డబ్బు తీసుకుంటాను. ఈ కొట్టులో మాత్రం నేనుండను."

ఆటో కదిలిందో లేదో అన్నగారు విరుచుకుపడ్డాడు. "బయటివాడి ముందు నా పరువు గంగలో కలిపావు కదే! ఉండవా? లోపల రిపేరుకొచ్చిన పెట్టెలు పదిహేడున్నాయి. శుక్రవారానికల్లా ఇస్తానని అందరికీ మాటిచ్చాను. ఎవరు చేస్తారనుకున్నావు?"

చెల్లెలు కళ్లజోడు తీసి సంచిలో వేసుకుంది. పొగలు కక్కుతున్న ఐరన్‌ని ఆయన ముందుకి జరిపింది.

"నువ్వే చెయ్యి. మొదట్లో వేళ్లు కాలతాయి. ఏడాది పోయాక అదీ తెలియదు."