ఎవరు పారబోస్తే వాళ్లే

చిన్నోడు పాలగ్లాసు విసిరికొట్టాడు. చేతిలోంచి జారలేదు, గురిచూసి విసిరాడు. పాలు గోడమీంచి కారి బీరువా వైపు పారుతున్నాయి. వాళ్లమ్మ బట్టల కొట్టు తెరవడానికి ఇంకా అరగంటే ఉంది.

“ఒక్కటి తగిలించు, దెబ్బకి దారికొస్తాడు,” అన్నాడు భర్త ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఒక్కటి తగిలించడం ఎంతసేపు? ఆమె చెయ్యి కూడా అదే అడిగింది. ఆ చేత్తోనే గూట్లోంచి పాతగుడ్డ తీసింది. పదకొండేళ్లుగా కొట్టు నడుపుతున్న మనిషి. నలభై తానులు విప్పించి “మళ్లీ వస్తాంలే” అని లేచిపోయేవాళ్లను నవ్వుతూ సాగనంపుతుంది. ఆ నలభైనీ ఒక్కతే మళ్లీ చుడుతుంది. బజారు దాన్ని నేర్పు అంటుంది, ఇంట్లో దాని పేరు మెతకతనం. ఓపిక అంటే మంచితనమని మాత్రం ఆమె ఏనాడూ అనుకోలేదు. ధర చెప్పేశాక నోరు మూసుకుని కూర్చోవాలి. అవతలివాళ్లు విసుక్కుంటారు, గుమ్మందాకా వెళతారు, వెనక్కి తిరిగి చూస్తారు. ఆ కాసేపట్లో గొంతు పెంచినా, మెత్తబడినా బేరం పోయినట్టే. నాలుగేళ్లవాడితో అయినా అంతే.

వాడి ముందు నేలమీద కూర్చుంది.

“కోపమొచ్చిందా నాన్నా?”

“పాలు వద్దన్నాగా!”

“వద్దంటే మానెయ్. విసరకూడదు. ఎవరు పారబోస్తే వాళ్లే తుడవాలి.”

వాడు ఏడ్చాడు, కాళ్లు నేలకేసి కొట్టాడు. ఆమె గుడ్డ పట్టుకుని అలాగే కూర్చుంది. చివరికి వాడే లాక్కుని, మధ్యలోంచి తుడవడం మొదలుపెట్టాడు.

“అలా కాదురా, ఇల్లంతా పారుతుంది. అంచుల నుంచి లోపలికి.”

“ఏం విడ్డూరమమ్మా ఇది!” అంది అత్తగారు కుర్చీలోంచి. “వాళ్ల నాన్నని వాతలు తేలేలా కొట్టి పెంచాను. ఎలా తయారయ్యాడో చూడు!”

“రోజూ చూస్తూనే ఉన్నాను అత్తయ్యా.”

ఆవిడకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆవిడ కొడుక్కి అంతసేపు పట్టలేదు.

“నాకే పాఠాలా?” అంటూ కాఫీ కప్పు విసిరాడు.

గోడమీద అదే చోటు. కూరలో ఉప్పు తగ్గిన రోజు పళ్లెం తగిలిందీ అక్కడే. ప్రతిసారీ వంగి తుడిచింది ఆమె. పక్కన నిలబడి చూశాడు చిన్నోడు. విసరడం వాడికి ఎవరు నేర్పారో ఇప్పుడు లెక్క తేలింది. తుడవడం ఆడవాళ్ల పని అని నేర్పింది మాత్రం తనే.

ఆమె గుడ్డ పిండి తెచ్చి భర్త ముందు పెట్టింది. అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేవబోయింది.

“మీరు కూర్చోండి అత్తయ్యా.”

“కొట్టుకి టైమవుతోంది, వెళ్లవా?” అన్నాడతను.

“ఇది తెమిలాకే తెరుస్తాను.” గొంతు పెరగలేదు.

అతను విసుక్కున్నాడు. గుమ్మందాకా వెళ్లాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఆమె నేలమీద తీరిగ్గా కూర్చునే ఉంది.

చిన్నోడు లేచి, గుడ్డ తీసుకెళ్లి తండ్రి చేతిలో పెట్టాడు.

“మధ్యలోంచి కాదు నాన్నా, అంచుల నుంచి.”