ఇంటిపేరు అడిగాను

ఐస్‌లాండ్ అనే దేశం గురించి నాకు మొదట చెప్పింది మా మనవరాలు స్పందన. 2011 మార్చి. అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో తన ఇంట్లో నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

"మూడు లక్షల మంది, అంతే అమ్మమ్మా. మీ గుంటూరులో సగం. చేపల వేటే వాళ్ళ బతుకు. పత్రికలవాళ్ళకి భయం లేని దేశంగా మారతామని పార్లమెంట్‌లో తీర్మానం పాస్ చేశారు. వార్త ఎవరిచ్చారో చెప్పమని బలవంతం చేయకుండా చట్టాలు రాస్తున్నారు. రాసేవాళ్ళంతా మా దగ్గరికి రండి అంటున్నారు."

"చేపలు పట్టుకునే వాళ్ళకి ఇదేం బేరమే?"

"ఇదీ బేరమే. నా సైట్ సర్వర్ అక్కడికి మూవ్ చేస్తున్నా. సర్వరే, నేను కాదు. కంగారు పడకు."

కంగారు పడ్డాను. నావాళ్ళు ఏ దేశం పేరెత్తినా నాకు ముందు ప్రయాణానికి సర్దిన పెట్టె కనిపిస్తుంది.

స్పందన ఆ సైట్‌లో ఒక కన్సల్టెన్సీ గురించి రాస్తోంది. వాళ్ళు చదువైన పిల్లల్ని హెచ్-వన్ వీసా మీద అమెరికాకి రప్పించి, ప్రాజెక్ట్ దొరికేదాకా జీతం లేకుండా గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెడతారు. తమ ఆఫీసు కాగితాలు తనకి ఎవరిచ్చారో చెప్పమని లాయర్ నోటీసు పంపారు. స్పందన చెప్పలేదు. ఇచ్చినవాడు శ్రీవత్స, ఆ ఆఫీసులోనే పనిచేస్తాడు.

ఒక ఆదివారం అతను భోజనానికి వచ్చాడు. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి అడిగినట్టే అడిగాను, ఇంటిపేరు, ఊరు, నక్షత్రం. రేపల్లె వాళ్ళట. అతను వెళ్ళాక స్పందన నా చెయ్యి పట్టుకుంది. "ఇతను మనింటికి వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు."

"కాగితాల మాట నేనెందుకు ఎత్తుతానే."

నిజంగానే ఎత్తలేదు. శుక్రవారం మా వీధిలోనే ఉండే ఉమామహేశ్వరి ఇంట్లో లలితా పారాయణం అయ్యాక, ఆవిడ రెండో కూతురి సంబంధం సంగతి వచ్చింది.

"మీ ఎరికలో ఎవరైనా ఉన్నారా పిన్నిగారూ? రెండేళ్ళుగా చూస్తున్నాం."

నోటీసు గొడవ వేరు, పెళ్ళి మాట వేరు అనుకున్నాను. ఇంటిపేరు, ఊరు, నక్షత్రం చెప్పాను. ఏ కంపెనీ అంటే అదీ చెప్పాను. "మా ఇంట్లో భోంచేశాడమ్మా. నెమ్మదస్తుడు," అన్నాను.

పిల్లనిచ్చేవాళ్ళు ఆరా తీయకుండా ఉంటారా? ఉమామహేశ్వరి అల్లుడికి ఆ ఆఫీసులో తెలిసినవాళ్ళున్నారు. వాళ్ళకి ఫోన్ చేసి అడిగాడు, స్పందన వాళ్ళింట్లో భోంచేసిన కుర్రాడు ఎలాంటివాడని.

మర్నాడే శ్రీవత్స ఉద్యోగం పోయింది. ఉద్యోగంతో పాటే వీసా కూడా. ఆ సాయంత్రం ఉమామహేశ్వరి ఫోన్ చేసింది. "ఆ సంబంధం వదిలేద్దాం పిన్నిగారూ. మావాడు ఇలా కనుక్కున్నాడో లేదో, అలా తీసేశారట. ఏం చేశాడో పాపం."

ఫోన్ పెట్టేశాక అర్థమైంది, అతని పేరు వాళ్ళకి అందింది నా నోటినుంచేనని.

పేరు తన కంప్యూటర్‌లోంచే బయటికి పోయిందేమోనని స్పందన లాప్‌టాప్ తెరిచి చూసింది. పాస్‌వర్డ్‌లన్నీ మార్చింది. ఐస్‌లాండ్ వాళ్ళకి మెయిల్ మీద మెయిల్ పెట్టింది. నేను సోఫాలో కూర్చుని చూశాను. చెబితే నా మొహం చూడదు, ఇల్లు వదిలి పోతుంది అనుకున్నాను. అంతే నా లెక్క.

ఎనిమిదో రోజు శ్రీవత్స వచ్చాడు, తెల్లవారితే ఫ్లైట్ అని.

"నిజం చెప్పు వత్సా, నువ్వే ఎక్కడో వాగుంటావు," అంది స్పందన.

"నేనా? నా పొట్ట నేనే కొట్టుకున్నానంటావా?"

"మరి నా దగ్గర్నుంచి లీక్ అవలేదు."

అతను నాకేసి చూశాడు. బహుశా పెద్దదాన్ని, సర్దిచెబుతాననుకున్నాడేమో. నేను కాఫీ కలుపుతానని లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి లేడు.

మర్నాడు, విమానం లేచాక చెప్పాను.

స్పందన అరవలేదు. "నిన్న చెప్పి ఉంటే బాగుండేది అమ్మమ్మా. వాణ్ణి అనేసి పంపాను," అంది. ఫోన్ చేసింది, మెయిల్ రాసింది. అతను బదులివ్వలేదు.

ఆగస్టులో తనూ వెళ్ళింది, ఆ ఐస్‌లాండ్‌కే. నన్ను మా అమ్మాయి విద్య దగ్గర, చాండ్లర్ అనే ఇంకో ఊళ్ళో దింపి వెళ్ళింది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. చలి గురించి చెబుతుంది, రాత్రి తొమ్మిదైనా చీకటి పడదంటుంది.

"ఒక్కదానివే తిన్నావా?" అన్నాను మొన్న.

"లేదు, ఒకళ్ళు వచ్చారు."

"ఎవరే?"



"ఒకళ్ళు, అమ్మమ్మా."

"సరే తల్లీ," అన్నాను. "కడుపునిండా పెట్టావా వాళ్ళకి?"