ఫిల్లింగ్ చెప్పిన గడువు

పొద్దున తొమ్మిదిన్నరకు డాక్టరమ్మ చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని, మొదటి కార్డు అందుకుంది. పిల్లల పుచ్చిపోయిన పళ్లకు పంటి రంగు ఫిల్లింగులు పెట్టడం ఆవిడ పని. నీలం లైటు కింద గట్టిపడగానే ప్రతి ఫిల్లింగూ తానెన్నాళ్లుంటుందో చెబుతుంది. ‘ఆరేళ్లు’ అనో ‘మూడేళ్లు’ అనో సన్నగా అంటుంది. నర్సు ఆ మాట కార్డు మీద రాసుకుని తర్వాతి వాళ్లను పిలుస్తుంది.

ఆ రోజు కుర్చీలో ఉన్నది తొమ్మిదేళ్ల వసపిట్ట. ఆ పిల్ల దవడ పన్ను వచ్చేటప్పుడే సుద్దముక్కలా వచ్చి, సగం పొడైపోయింది. పాలపన్ను కాదు, పోతే మళ్లీ రాదు. ఇంతకుముందు పెట్టిన రెండు ఫిల్లింగులూ ఏడాది తిరక్కుండానే ఊడిపోయాయి. ఈసారి కూడా రెండేళ్ల లోపే అంటే పన్ను పీకేద్దామని వాళ్లమ్మతో ముందే అనుకున్నారు. పటకారు ట్రేలో సిద్ధంగా ఉంది.

పీకడమంటే డాక్టరమ్మకు ప్రాణం ఒప్పదు. అందుకే పంటిలో రవ్వంత కూడా పోనివ్వకుండా, పొడిపొడిగా రాలుతున్న అంచును సైతం కాపాడుకుంటూ, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఫిల్లింగ్ పెట్టింది. లైటు ఆపింది.

“ఎన్నాళ్లు?” అంది నర్సు.

“ఎనిమిది నెలలు,” అంది ఫిల్లింగ్.

వాళ్లమ్మ మొహం చిన్నబోయింది. డాక్టరమ్మ చెయ్యి పటకారు వైపు వెళ్లింది. పిల్ల మాత్రం తటాలున లేచి కూర్చుంది.

“ఎందుకంత తక్కువ?” అంది, మత్తు సూదికి మొద్దుబారిన పెదవితో ముద్దముద్దగా.

“ఊరుకోవే, దాన్ని విసిగించకు,” అంది వాళ్లమ్మ.

“అడిగితే ఏం పోయింది?” అని పిల్ల నోరు బార్లా తెరిచింది. ఫిల్లింగ్ మాట్లాడాలంటే పిల్ల నోరు తెరిచి ఉండాలి, కానీ మాట్లాడకూడదు. ఆ పిల్లకు అంతకన్నా కష్టమైన పని లేదు. అయినా అరనిమిషం ఓర్చుకుంది.

“నాలో లోపమేం లేదమ్మా,” అంది ఫిల్లింగ్. “నా అంచు పొడైపోతున్న పంటి మీద ఉంది. అది రాలితే నేనూ రాలతాను. జాలిపడి దాన్ని ఉంచేశారు. నన్ను తీసేసి, గట్టి పన్ను తగిలేదాకా చెక్కి, ఇంకోదాన్ని పెట్టండి.”

డాక్టరమ్మ పటకారును పక్కకు నెట్టేసింది. పదిహేనేళ్లుగా ఎన్నాళ్లని అడగడమే తప్ప, ఎందుకని అడిగిన పాపాన పోలేదు. “పడుకో తల్లీ, పడుకో,” అంటూ పిల్లను వెనక్కి వాల్చి, పొడైన భాగమంతా చెక్కేసింది. పన్ను చిక్కిపోతున్నా ఆపలేదు. గీరినా రాలని చోటు తగిలాక, తడి అంటకుండా దూది పెట్టి, కొత్త ఫిల్లింగును పొరమీద పొరగా పేర్చింది. నీలం లైటు వేసి తీసింది.

ఈసారి నర్సు అడిగేదాకా ఆగకుండా డాక్టరమ్మే అడిగింది.

“పదకొండేళ్లు,” అంది ఫిల్లింగ్. “రెండుపూటలా తోముకుంటే ఇంకో ఏడాది చూస్తాను.”

వాళ్లమ్మ నర్సును వాటేసుకుంది. పిల్ల వేళ్ల మీద లెక్కేసుకుని, “అప్పటికి నాకు ఇరవై,” అని, ఆ వయసులో ఏమేం చేస్తుందో చెప్పుకుంటూ గది బయటికి నడిచింది.

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. ఆనందం పట్టలేకపోతోంది. తను పీకేసిన పళ్లు గుర్తొచ్చి సిగ్గుగానూ ఉంది.

“తర్వాతి వాళ్లను పిలవనా అండీ?” అంది నర్సు.

“పిలువు. ముందు ఏడాది లోపని రాసిన కార్డులన్నీ బయటికి తియ్యి. పన్ను ఇంకా నోట్లోనే ఉన్నవాళ్లందరినీ రమ్మందాం.”

“నూట పాతికమంది దాకా ఉంటారండీ.”

“రానీ,” అంటూ డాక్టరమ్మ అప్పటికే ఫోను అందుకుంది.