రోడ్డు తడిపిన మోట

నేను ఒక మోటను. కరెంటు మోటార్లు రాకముందు బావిలోంచి నీళ్లు తోడిన తోలు సంచిని. పైన ఇనుప కమ్మీ, కింద పొడుగాటి తొండం. ఎద్దులు మోకు లాగితే నిండుగా పైకొచ్చి కాలువలో నీళ్లు పోసేదాన్ని. ఇప్పుడు గోడకు వేలాడుతున్నాను. నన్ను చూసి ముచ్చటపడేవాళ్లకు ఒకటే మాట. నా సంగతి విన్నాక పడండి.

నన్ను కుట్టినవాడు మాదిగ జమ్ములయ్య. చచ్చిన బర్రె తోలును తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి, నూనె పట్టించి కుట్టాడు. "దీని కుట్టూడితే నన్ను పేరు వెట్టి పిలువకు కుర్మన్నా" అంటూ రైతు చేతికిచ్చాడు. కుర్మన్నకు ఉన్నది చిన్న మడి. బావి నీళ్లే దిక్కు. ఆ యేడు యాసంగి వరి పొట్ట మీదుంది. అప్పుడు మడి ఎండితే కంకి వస్తుంది గానీ అందులో గింజ ఉండదు. ఇది కుర్మన్నకు తెలుసు, అతని భార్య ఈరమ్మకు తెలుసు, ఎద్దులకు కూడా తెలుసనుకుంటాను. సంస్థానానికి తెలియదు.

సరిగ్గా అప్పుడే రాజావారికి డెబ్బయ్యేళ్లు నిండాయి. యాభై ఏళ్లుగా గద్దె మీద కూర్చున్నారట. కూర్చున్నందుకు పండుగ! మోట తోలేవాడు కూర్చుంటే మడి ఎండుతుంది, రాజు కూర్చుంటే ఊరేగింపు.

కోట నుంచి గుడి దాకా మట్టి రోడ్డు. చైత్రం ఎండ. దుమ్ము లేస్తే అతిథుల జరీ బట్టలు పాడైపోవూ! రోడ్డు పక్కన సంస్థానం బావి ఉంది గానీ దాని మోటను ఎలుకలు కొరికేశాయి. ఊళ్లో కొత్త మోటను నేనే. జవాను వచ్చాడు.

"ఏం రా కుర్మా, మోట, ఎడ్లు తీస్కోని రోడ్డు బాయికాడికి నడు. ఇయ్యాల రాజావారి పుట్టినరోజు."

"పొట్ట మీదున్నది సారూ. గిప్పుడే తడి గావాలె. మడికొక్క తడి వెట్టి, మాపటికల్లా వచ్చి రోడ్డంత తడుపుత."

"వరి ఏడికి వోతది రా? దానికి కాళ్లున్నయా?"

"కాళ్లు లెవ్వనే గద సారూ, మేం నీళ్లు తీస్కవోవుడు" అంది ఈరమ్మ.

జవాను కట్టె నేలకేసి కొట్టాడు. మాట అక్కడితో ఆగింది. దీని పేరు వెట్టి. కూలీ ఉండదు, కాదనడమూ ఉండదు.

బావిలో మునిగాను, లేచాను, పోశాను. ఆడవాళ్లు కడవలతో ఆ నీళ్లు రోడ్డు మీద చల్లారు. వాళ్లు ముందుకు పోతుంటే వెనక ఆరిపోయేది. ఒక్క రోజు పని అన్నారు. సాయంత్రానికి కబురొచ్చింది. పట్నం నుంచి రావాల్సిన పెద్ద అతిథి రాలేదు, ఊరేగింపు రేపు. రేపూ రాలేదు. పురోహితుడు గడియ మార్చాడు, మళ్లీ మార్చాడు. అతిథి ఎప్పుడు దిగుతాడో ఏమో, రోడ్డు మాత్రం రోజూ తడిగా ఉండాలి! అట్లా వారం. అక్కడ మా బావిలో ఈరమ్మ చేదతో తోడి మడికి కడవలు మోసింది. మడి నెర్రెలిచ్చింది. మోసిన నీళ్లన్నీ నెర్రెల్లోకే పోయాయి.

నా కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు. జమ్ములయ్య పనితనం మీద నాకు కోపమొచ్చిన రోజులవి.

చివరికి ఊరేగింపు కదిలింది. జమ్ములయ్య వాడవాళ్లను రోడ్డు మీదికి రావొద్దని తరిమేశారు. వాళ్ల చేతి తోలు తడిపిన రోడ్డే అది! గుర్రపు బండి బావి దగ్గర ఆగింది. రాజావారు తడి మట్టి వాసన పీల్చారు.

"మా ప్రజలు మా కోసం వానే కురిపించారు" అని కళ్లు తుడుచుకున్నారు. మెడలోంచి ఒక బంతిపూల దండ తీసి, "ఆ మోటకు వెయ్యండి" అన్నారు.

వేశారు. జనం చప్పట్లు కొట్టారు. జవాను వెనక నుంచి పొడిస్తే కుర్మన్న "జై" అన్నాడు. మోట పాట పాడేటప్పుడు ఆ గొంతు పక్క చేను దాకా వినిపించేది. ఆ జై నాకే సరిగ్గా వినిపించలేదు.

దండతోనే ఇంటికొచ్చాను. ఈరమ్మ చూసింది.

"ఇదేంది?"

"రాజావారు మోటకేసిండు."

"మడికేమేసిండు?"

ఈరమ్మ దండ తెంపి ఎద్దుల ముందు పారేసింది. అవి నమిలి మింగాయి. ఆ పండుగలో మా ఇంట్లో కడుపులోకి పోయింది అదొక్కటే.

కంకులు తెల్లగా నిటారుగా నిలబడ్డాయి. గింజ ఉంటే కదా వంగడానికి! కోసి ఎద్దులకే వేశారు. తర్వాత ఎద్దులనూ అమ్ముకుని, మొగుడూ పెళ్లాలిద్దరూ ఆనకట్ట పనికి వలస పోయారు. మళ్లీ రాలేదు. నేను అటకెక్కాను.

రాజ్యాలు పోయాయి. కోట మ్యూజియమైంది. నన్ను వెతికి తెచ్చి, మెరుగు పెట్టి, మెడలో ప్లాస్టిక్ దండ వేశారు. రాజావారి జయంతికి దాన్ని కడిగి మళ్లీ వేస్తారు. "రైతులు తమంతట తామే ఎడ్లు కట్టుకొచ్చి వారం రోజులు రోడ్డు తడిపారు. ప్రభువు మోటను కూడా గౌరవించారు" అని గైడు చెబుతాడు. చదువుకున్నవాళ్లు ఫొటోలు దిగుతారు.

మొన్న బస్సులో వచ్చిన ఒక ముసలమ్మ ఫొటో దిగలేదు. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"వారం దినాలు ఆ రైతులు రోడ్డుకాడ్నే ఉంటే, వాళ్ల మడికి నీళ్లెవలు వెట్టిండ్రు బిడ్డా?"

"అది నాకు తెల్వదమ్మా" అని గైడు జనాన్ని కత్తుల గదిలోకి తోలుకుపోయాడు.

నాకు తెలుసు. తెలిసీ గోడకు వేలాడుతున్నాను, మెడలో ఈ దండతో. ఇది వాడిపోదు. తెంపి పారేద్దామన్నా ఈరమ్మ లేదు. ఎద్దుల ముందు వేసినా ముట్టవు.