విలీనం

పిల్లలు తిన్న పళ్ళేలు తోముతుంటే సూపర్‌వైజర్ మేడం వచ్చింది. లేవబోయాను. "కూర్చో హేమావతీ, పని కానీ," అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్పింది. వచ్చే నెల నుంచి మా ఊరికి అంగన్‌వాడీ ఉండదట. కదిరి రోడ్డు అవతలి ఊరి కేంద్రంలో కలిపేస్తారట. అక్కడ ఆయా ఉంది కాబట్టి నేను అక్కర్లేదట.

"నేనేం తప్పు చేసినా మేడం?"

"నీ తప్పేముండాది? బడ్జెట్‌లో పెద్ద లోటంట. ఖర్చు తగ్గించమని పైనుంచి చెప్పినారు. యాడో ఒకచోట తగ్గించాల కదమ్మా."

ఇంట్లో చెబితే నా మొగుడు రామాంజులు నవ్వాడు. "గవర్నమెంటు నడిచేది మా తాగుబోతుల వల్లనే. మేం తాగకపోతే ఆ లోటు ఇంగా ఎంతుండునో!" అన్నాడు. మా అత్త తిప్పమ్మ, "మంచిదే అయింది. గొర్రెలెంబడి పోయేకి మనిషి ల్యాక అగసాట్లు పడతాండాం," అంది. నీకెట్లుందని ఇద్దరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెప్పేదాన్ని? మధ్యాహ్నం పిల్లలకు వడ్డించి, వాళ్ళ పక్కనే కూర్చుని, పొగలు పోయే పప్పన్నం తినేదాన్నని చెప్పాలా? ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి అందరూ తిన్నాక చట్టి అడుగు గోక్కుని తినడమే నాకు తెలుసు. వేడన్నం తినే చోటు పోయిందని ఏడిస్తే ఎవరికి అర్థమవుతుంది?

కేంద్రం మూసిన మరుసటి రోజు పొద్దున్నే సుల్తానా తన బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఆమె ముదిగుబ్బలో వేరుశనక్కాయల మిషన్ దగ్గర కూలికి పోతుంది.

"అక్కా, లారీలు తిరిగే రోడ్డు, పిల్లది యాడ దాటుతాదక్కా? రెండు దినాలు నువ్వు తోడుకోని పో. అంతలో ఏదో ఒకటి చేసుకుంటాం."

సరేనన్నాను. సుల్తానా బిడ్డతో పాటు ఊళ్ళో పిల్లలంతా వచ్చి నిలబడ్డారు. ఒకర్ని ఎత్తుకుని, మిగతావాళ్ళకు నా కొంగు పట్టించి రోడ్డు దాటించాను. వాళ్ళు తినేదాకా అక్కడే ఉండి మళ్ళీ తీసుకొచ్చాను. రెండు రోజులు కాస్తా నెలలయ్యాయి. ఎండలో నడిచి నడిచి పాదాలు పగిలాయి. వచ్చాక నీళ్ళూ, గొర్రెలూ, వంటా నా కోసమే కాచుకుని ఉండేవి. "జీతం ల్యాకుండా చాకిరీ చేసే పిచ్చిది యాడన్నా ఉండాదా?" అన్నాడు రామాంజులు, నేను వండిన సంగటి తింటూ.

ఒకరోజు ఆ కేంద్రానికి అనంతపురం నుంచి ఆఫీసరు వచ్చాడు. పిల్లల తలలు లెక్కపెట్టి సంతోషపడ్డాడు. "విలీనం చేస్తే పిల్లలు రారని అందరూ భయపెట్టారు. ఒక్కరైనా తగ్గారా?" అన్నాడు.

"లేదు సార్. ఇబ్బందేం లేదు," అంది మేడం. గుమ్మంలో పసిదాని ముక్కు తుడుస్తున్న నన్ను చూసి, చూపు తిప్పుకుంది.

"అయితే మిగతా ఊళ్ళల్లో కూడా కలిపేయొచ్చు. బోలెడంత మిగులుతుంది."

ఇంతకాలం నేను సుల్తానాకు సాయపడుతున్నాననుకున్నాను. వాళ్ళు నా చాకిరీని పొదుపు కింద రాసుకున్నారు. నాలాంటిది ఇంకో ఊళ్ళో ఇప్పుడు పళ్ళేలు తోముతూ ఉంటుంది. రేపు ఆమె చేత కూడా ఇట్లాగే రోడ్డు దాటిస్తారు.

ఆ సాయంత్రం సుల్తానాతో చెప్పాను. "రేపట్నించి నేను పోను."

"మరి పిల్లోల్లు?"

"నేను తోడుకోని పోయినన్నాళ్ళూ వాళ్ళకు ఏ లోటూ కనపడదు సుల్తానా."

"కనపడితే మాత్రం మళ్ళీ తెరుస్తారా అక్కా?"

"తెరవరేమో."

"మరి ఏంటికి మా బిడ్డల కడుపు మాడ్చేది?"

ఆమె బిడ్డను లాక్కుని వెళ్ళిపోయింది.

తెల్లారి పిల్లలు తలలు దువ్వుకుని, ముఖాలకు పౌడరు రాసుకుని మా వాకిట్లోకి వచ్చారు. "ఆయమ్మా!" అని పిలిచారు. "పిలుస్తాండారు కదే, చెవుడా?" అంది మా అత్త. నేను లేవలేదు. పొయ్యి ముందు కూర్చుని, వాళ్ళు పిలవడం మానేసేదాకా విన్నాను.