తీరిక వేళల బూట్లు

"ఎక్కడైనా నొక్కుతోందా?"

బూట్ల ఫ్యాక్టరీలో కొత్త మోడళ్ళు పరీక్షించే ఎదేర్ ఆ మాట అడిగినప్పుడల్లా నోయెలీ వెంటనే జవాబు చెప్పదు. ముందు నిలబడుతుంది. రెండు పాదాల మీదా బరువు సమంగా వేస్తుంది. గదిలో పరిచిన పలకల మీద ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడుస్తుంది. చెక్కమెట్లు ఎక్కి దిగుతుంది. అప్పుడు వచ్చి బల్ల ముందు నిలబడి చెబుతుంది.

"కుడి చిటికెనవేలి దగ్గర కుట్టు తగులుతోంది. మడమ బాగా పట్టింది. లేసుల కింది తోలు నాలుక మాత్రం ఎంత బిగించినా పక్కకి జారుతోంది."

"వేళ్ళకి చోటు సరిపోయిందా?"

"నడిచేటప్పుడు సరిపోయింది. మెట్లు దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగిలింది."

ఎదేర్ తల ఊపి, బూటు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు. ఆమె పాదం సరిగ్గా ముప్పై అయిదో నంబరు. ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ బూటు ఏదైనా ముందు ఆ పాదం మీదికి ఎక్కాలి. అది ఒప్పుకున్నాకే మిగతా నంబర్లకు అచ్చులు పోస్తారు. సపిరాంగ ఊళ్ళో సగం ఇళ్ళు బూట్ల మీదే బతుకుతాయి గానీ, పాదానికి జీతం వచ్చే మనిషి వీధిలో ఈమె ఒక్కతే. "మహారాణి పాదాలు" అంటుంది అత్తగారు హేడీ. "మాకూ ఉన్నాయమ్మా కాళ్ళు. ఎవడూ పైసా ఇవ్వలేదు."

ఈసారి వచ్చింది పాతకాలపు మోడల్. తేనెరంగు రబ్బరు అడుగు, పక్కన వాలుగా రెండు పట్టీలు, ముందు మెత్తటి తోలు. నలభై ఏళ్ళ కిందట కుర్రకారు వేసుకుని తిరిగిన బూటునే కంపెనీవాళ్ళు మళ్ళీ అమ్మాలనుకుంటున్నారు. ఆ పట్టీలను అప్పట్లో ఆడవాళ్ళు ఇళ్ళలోనే కుట్టేవాళ్ళు. నోయెలీ తల్లి ఇర్మా కూడా కుట్టింది. వంటగదిలో పొయ్యి పక్కనే మిషను, అన్నం ఉడికేలోపు పట్టీలు. ఆ బూట్లు వేసుకుని నడిచేవాళ్ళ ముఖాలు ఇర్మా ఎప్పుడూ చూడలేదు. ఒక జత తన కాళ్ళకు తొడుక్కుని చూసుకోవాలన్న ఊహ కూడా ఆమెకు వచ్చినట్టు నోయెలీకి గుర్తులేదు.

"వీటిని ఇంటికి తీసుకెళ్ళండి," అన్నాడు ఎదేర్. "మూడు వారాలు వాడండి. రోజూ ఎలా ఉంటారో అలాగే. మీ వల్మోర్ గారిది నలభయ్యో నంబరేగా, ఆయనకీ ఒక జత ఇస్తున్నా. ఆడ జత, మగ జత ఒకే ఇంట్లో నలిగితే పోల్చుకోవడం సులువు."

ఆమె భర్త వల్మోర్ అదే ఫ్యాక్టరీలో సరుకు ఎక్కించే చోట పనిచేస్తాడు. పనిలో వేసుకునే గట్టి బూట్లు వేరే ఉన్నాయి, ఇంట్లోకి కొత్త జత ఊరికే వచ్చిందని సంబరపడ్డాడు.

*

ఇర్మా జూలైలో పోయింది. ఆ దేశంలో అది చలికాలం, పైగా వాన. పాతిపెట్టిన రోజు మట్టి బురదబురదగా ఉండింది, అందరూ గొడుగుల కింద తొందరపడ్డారు. నోయెలీ మళ్ళీ ఆ చోటికి వెళ్ళలేదు. వెళ్ళకూడదని కాదు. శ్మశానం ఫెహబ్రాస్ కొండ దారిలో ఉంది, నడిచి వెళ్ళగలిగినంత దూరమే. కాని పని రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి గేట్లు మూస్తారు. శనివారం హేడీకి స్నానం, దుప్పట్ల ఉతుకుడు, వారానికి సరిపడా రొట్టెలు. ఇక మిగిలింది ఆదివారం. ఆదివారం వల్మోర్ వంట చేస్తాడు.

వీధి అంతా ఆ మాటే అంటుంది, ఆదివారం వల్మోర్ వంట చేస్తాడని. అతను పెరట్లో బొగ్గులు రాజేస్తాడు, మాంసం చువ్వలకు గుచ్చుతాడు, చేతిలో బీరుతో నిప్పు పక్కన నిలబడతాడు. అతని అన్నదమ్ములు కుటుంబాలతో వస్తారు. ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. "నీ చేతి మహిమరా వల్మోర్!" అంటారు. ఆ చేతికి ఉప్పు అందించింది, ముందురోజు మాంసం తెచ్చి కోసింది, బంగాళాదుంపల సలాడ్ కలిపింది, కర్రపెండలం ఉడకబెట్టింది, అన్నం వండింది, కుర్చీలు తుడిచింది, ఆ తర్వాత కొవ్వు గడ్డకట్టిన పళ్ళేలు, చువ్వలు, జాలీ కడిగింది ఎవరో ఎవరూ అడగరు. ఆమె కూడా చెప్పదు. చెబితే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. "వారానికి ఒక్కరోజు నీకు విశ్రాంతి ఇస్తున్నా కదే, అదీ చాల్లేదా?" అన్నాడు ఒకసారి, నిజంగా నొచ్చుకుని. అతను అబద్ధమాడే మనిషి కాడు. ఆమెకు విశ్రాంతి ఇస్తున్నానని నిజంగానే నమ్ముతున్నాడు. అబద్ధమైతే ఎదిరించవచ్చు, నమ్మకాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆమె తిండి అయ్యాక లేసులు కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది.

"ఎక్కడికి?" అంది హేడీ వాలుకుర్చీలోంచి.

"అమ్మ దగ్గరికి వెళ్ళొస్తాను అత్తమ్మా."

"గిన్నెలు అట్లాగే పెట్టి? ఈగలు ముసురుతున్నాయి. మా రోజుల్లో సింకులో పళ్ళెం ఉంచి గడప దాటిన ఆడదాన్ని ఎవరూ ఎరగరు."

తోడికోడళ్ళు పిల్లల మూతులు తుడుస్తూ తలలు వంచుకున్నారు. వల్మోర్ పెరట్లోంచి తొంగిచూశాడు. "చనిపోయినవాళ్ళు ఎక్కడికీ పారిపోరుగా నోయెలీ. వచ్చే ఆదివారం వెళ్ళు." మాట మెత్తగానే అన్నాడు. అన్నదమ్ముల్లో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది. కొత్త బూట్లతోనే సింకు ముందు నిలబడింది. కిటికీలోంచి కొండ మీద గాలిలో తేలుతున్న రంగురంగుల పారాషూట్లు కనిపించాయి. ఎవరెవరో మనుషులు, ఏ తొందరా లేకుండా ఆకాశంలో నుంచి దిగుతున్నారు.

*

మూడు వారాల తర్వాత ఎదేర్ రెండు జతలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. వల్మోర్‌ని కూడా పిలిపించాడు.

వల్మోర్ జత దాదాపు పెట్టెలోంచి తీసినట్టే ఉంది. అడుగున కాస్త మట్టి, లేసు కొసన ఒక బొగ్గు మరక. నోయెలీ జత ముందుభాగం తోలు గీరుకుపోయి తెల్లబడింది. వేళ్ళు వంగే చోట అడ్డంగా పగులు. ఒక పట్టీ రంగు వెలిసి మచ్చలు పడింది. మడమ భాగం లోపలికి నలిగిపోయింది.

"రెండూ ఒకే తోలు, ఒకే జిగురు," అన్నాడు ఎదేర్ అయోమయంగా. "ఆడ జతల్లో ఏదో లోపం ఉందని పైవాళ్ళు ఆర్డరు ఆపేయమంటున్నారు. నోయెలీ గారూ, కోప్పడకండి. ఇవి వేసుకుని ఎక్కడికి వెళ్ళారు? కొండ ఎక్కారా?"

వల్మోర్ పకపకా నవ్వాడు. "కొండా? ఈవిడా? అయ్యా, ఈవిడ ఎక్కడికీ వెళ్ళదు. ఫ్యాక్టరీ, ఇల్లు. అంతే."

ఎదేర్ బూట్ల వంక చూశాడు, వల్మోర్ వంక చూశాడు. వల్మోర్ నవ్వు సగంలో ఆగింది, ఎందుకు ఆగిందో అతనికే తెలియనట్టు.

నోయెలీ ఎడమ బూటు చేతిలోకి తీసుకుంది. పాదం సంగతి చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అదే గొంతుతో చెప్పింది.

"ముందు గీరుకున్నది మోకాళ్ళ మీద కూర్చుని నేల రుద్దేటప్పుడు. ఈ పగులు కూడా దానివల్లే, వేళ్ళ మీద బరువంతా పడుతుంది. పట్టీ మీద మచ్చలు స్నానాలగది కడిగే మందువి. మడమ నలిగింది ఎందుకంటే, మా అత్తమ్మ పిలిచినప్పుడు లేసులు కట్టుకునే వ్యవధి ఉండదు బాబూ. తొక్కుకుని పరిగెత్తుతాను. లోపం తోలుది కాదు."

"మరి మీరు ఈ బూట్లు ఎందుకు... అంటే, ఇంటిపనికి..." ఎదేర్ తడబడ్డాడు.

"రోజూ ఎలా ఉంటానో అలాగే వాడమన్నావు."

అతను ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు. చిన్నవాడు, పెళ్ళయి ఏడాది కాలేదు. చివరికి పెట్టెలోంచి ఇంకో జత తీశాడు. "తప్పు నాదే, సరిగ్గా చెప్పలేదు. ఇది తీరిక వేళల్లో వేసుకునే బూటు. షికారుకి, స్నేహితులింటికి, అట్లా. మళ్ళీ చేద్దాం. ఈసారి తీరికప్పుడు మాత్రమే వేసుకోండి. ఇవి కాళ్ళకు ఉండగా పని చెయ్యొద్దు. ఏ పనీ. రబ్బరు అలవాటు పడాలంటే కనీసం ఒక మధ్యాహ్నమంతా ఏకబిగిన ఉంచుకోవాలి. లేకపోతే ఈ పరీక్ష కూడా చెల్లదు."

"చేస్తుందిలెండి," అన్నాడు వల్మోర్.

*

ఆ వారం ఆమె నిజాయితీగానే ప్రయత్నించింది. సాయంత్రం బూట్లు తొడుక్కుని మంచం అంచున కూర్చునేది. రెండో లేసు ముడి పడేలోపు పిలుపు వచ్చేది. మాటే టీకి వేడినీళ్ళు కావాలి. మందుబిళ్ళ కనిపించడం లేదు. నా నీలం చొక్కా ఎక్కడ? పని చెయ్యొద్దన్నారు కాబట్టి బూట్లు విప్పేసి లేచేది. పని అయ్యాక మళ్ళీ తొడుక్కునేది. మళ్ళీ విప్పేది. ఇన్నేళ్ళలో తనను ఎన్నిసార్లు పిలుస్తారో ఆమె ఎప్పుడూ గమనించలేదు. గాలి పీల్చడాన్ని ఎవరు గమనిస్తారు? ఇప్పుడు ప్రతి పిలుపుకీ వంగి లేసులు విప్పాల్సి వచ్చేసరికి, ఒక్కొక్కటీ విడిగా చేతివేళ్ళకు తెలిసింది. శనివారం నాటికి బూట్లు కొత్తగానే ఉన్నాయి. తీరిక అనేది తన ఇంట్లో లేదని ఆమె ఎవరికైనా చెప్పి ఉంటే నవ్వేవాళ్ళు. ఆ బూట్ల అడుగులు మాత్రం ఏ గీతా లేకుండా అదే చెబుతున్నాయి.

ఆదివారం మాంసం బాగా కుదిరింది. అందరూ మెచ్చుకున్నారు. పళ్ళేలు సింకులోకి చేరాయి. నోయెలీ గదిలోకి వెళ్ళి బూట్లు తొడుక్కుంది. లేసులు రెండు ముళ్ళు వేసింది. బయటికి వచ్చింది.

"మళ్ళీ ఎక్కడికే?" అంది హేడీ.

"బయటికి."

"ఆ గిన్నెల సంగతి?"

"ఇవి కాళ్ళకి ఉండగా పని చెయ్యకూడదు అత్తమ్మా. ఫ్యాక్టరీవాళ్ళ మాట. మీ అబ్బాయి అక్కడే ఉన్నాడు, అడగండి."

వల్మోర్ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. అన్నదమ్ములు అతన్ని చూస్తున్నారు. "అదేంటే, విప్పేసి కడుగు. తర్వాత తొడుక్కుందువు. పది నిమిషాల పని."

పది నిమిషాల పని అని అతను ఎప్పుడూ అంటాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. కోపం వస్తుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. రాలేదు. లోపల ఏదో చాలాకాలంగా బిగుసుకున్నది మెల్లిగా సర్దుకున్నట్టు ఉంది, అంతే.

"విప్పను," అంది.

"జనం ఏమనుకుంటారే?" అంది హేడీ. అప్పటికి ఆమె గేటు దాటింది.

శ్మశానంలో ఇర్మా చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. బురద ఆరిపోయి గడ్డి మొలిచింది. రాయి ఇంకా పెట్టలేదు. కొయ్య శిలువ ఒక పక్కకి ఒరిగింది. నోయెలీ చేతులు అలవాటుగా ముందుకు వెళ్ళాయి, గడ్డి పీకడానికి, శిలువ సర్దడానికి. వాటిని వెనక్కి తీసుకుంది. ఇది కూడా పనే.

కూర్చుంది.

ఆసుపత్రిలో చివరి సాయంత్రం ఇర్మా మంచం పక్కన ఖాళీ కుర్చీ చూపించింది. "కాసేపు కూర్చోవే," అంది. నోయెలీ అప్పుడు నిలబడే పాలడబ్బా సర్దుతోంది, దుప్పటి మడత పెడుతోంది, గోడ మీద గడియారం చూస్తోంది. ఇంట్లో రాత్రి భోజనానికి ఇంకా బియ్యం కడగలేదు. "రేపు కూర్చుంటానమ్మా," అంది. ఇర్మా సరేనంది. ఆమె కూడా ఎవరికో ఎన్నోసార్లు ఆ మాటే చెప్పి ఉంటుంది. అందుకే కాబోలు రెండోసారి అడగలేదు.

నోయెలీ ఏడ్చింది. నెలల తర్వాత, ఎవరూ పిలవని చోట, మధ్యలో ఆపాల్సిన అవసరం లేకుండా ఏడ్చింది. ఆ తర్వాత కూడా కూర్చునే ఉంది. ఎండ కొండ మీదికి ఎక్కేదాకా కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి చుట్టాలు వెళ్ళిపోయారు. వంటగదిలో దీపం వెలుగుతోంది. గిన్నెలు వదిలివెళ్ళినట్టే ఉన్నాయి, కొవ్వు తెల్లగా గడ్డకట్టింది. హేడీ గోడ వైపు తిరిగి కూర్చుంది. వల్మోర్ బల్ల దగ్గర ఉన్నాడు. ఏదో గట్టిగా అందామని సిద్ధపడి, ఆమె కళ్ళు చూసి, ఆగిపోయాడు.

"ఎలా ఉన్నాయి బూట్లు?" అన్నాడు, ఏం అనాలో తోచక.

నోయెలీ వెంటనే జవాబు చెప్పలేదు. సింకు పక్కగా నడిచి, కుర్చీ లాక్కుని, అతనికి ఎదురుగా కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద సమంగా ఆనించింది.

"సుఖంగా ఉన్నాయి," అంది. "గిన్నెలు నువ్వు కడుగు."