వెంకటనర్సమ్మ మేడ మీద శని

శని ఆకాశంలో ఎక్కడో ఉంటాడని అందరూ అంటారు గానీ, బుచ్చిబాబుకు మాత్రం నోట్లోనే ఉన్నాడు. లేకపోతే కొత్త టెలిస్కోపు ఇంటికొచ్చిన రోజే ఇంటి ఓనరు వెంకటనర్సమ్మ ఎదుట నిలబడి, "పిన్నిగారూ, ముందు మీకే శనిని చూపిస్తాను" అని ఎవరైనా అంటారా?

బుచ్చిబాబుది రాజోలు దగ్గర పల్లె. నాచారంలో ఒక మందుల కంపెనీలో మాత్రల నాణ్యత పరీక్షించే ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా వెంకటనర్సమ్మ ఇంట్లోనే, రెండో అంతస్తులో అద్దెకుంటున్నాడు. ఏడో తరగతి సైన్సు పుస్తకంలో శని చుట్టూ ఉన్న ఉంగరం బొమ్మ చూసిన నాడే, దాన్ని ఒక్కసారి సొంత కంటితో చూడాలని అతనికి కోరిక పుట్టింది. తర్వాత పెళ్లయింది, కళ్లజోడొచ్చింది, జుట్టు ముప్పాతిక పోయింది. కోరిక మాత్రం ఉన్నచోటే ఉంది.

టెలిస్కోపు పెట్టుకోవాలంటే మేడ కావాలి. మేడ తాళంచెవి వెంకటనర్సమ్మ కొంగున ఉంటుంది. ఆవిడకేమో శనితో పాత వైరం. కొడుకు దయాకర్‌కు ఏలినాటి శని పట్టి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో రెండు కంపెనీల్లో పని పోయింది, హబ్సిగూడ దగ్గర బండి జారి కాలులో రాడ్డు పడింది. ప్రతి శనివారం గుడిలో నువ్వులనూనె పోసి, ఇంకో ఏడాదిన్నర ఓర్చుకుంటే చాలని తనకు తాను చెప్పుకుంటున్న తల్లి ఆవిడ.

"దూరమున్నప్పుడే గిట్ల సంపుతుండు. గాయన్ని నా మేడ మీదికి గుంజుకొస్తవా బిడ్డా?" అంది.

టెలిస్కోపు ఎవర్నీ దగ్గరికి లాక్కురాదనీ, ఉన్నవాణ్ణే కాస్త పెద్దగా చూపిస్తుందనీ బుచ్చిబాబు నచ్చజెప్పబోయాడు. పెద్దగా అనేసరికి ఆవిడ ఇంకా హడలిపోయింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. చందమామను చూసుకోవచ్చు, చుక్కల్ని చూసుకోవచ్చు. గొట్టం మాత్రం ఆయన దిక్కు తిరగకూడదు. తిరిగితే ఆ తాళం మళ్లీ తియ్యదు. బుచ్చిబాబు బుద్ధిమంతుడిలా తలూపాడు. ఒక్క చూపు, ఒకే ఒక్క చూపు, ఎవరికి తెలుస్తుందిలే అని లోపల అనుకుంటూనే ఊపాడు.

మర్నాడు సాయంత్రం ఏడింటికి ఆవిడ మేడ తాళం తీసిపెట్టగానే, భార్య కమలకుమారిని వెంటబెట్టుకుని మేడెక్కాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆఫీసు బట్టలైనా మార్చుకోలేదు. మూడుకాళ్ల స్టాండు నిలబెట్టడానికి పావుగంట పట్టింది. తర్వాత పది నిమిషాలు ఒక కన్ను మూసుకుని చూసి, ఊళ్లో పొగ వల్ల ఆకాశమంతా నల్లగా ఉందని తేల్చాడు. కమలకుమారి ముందుకొచ్చి గొట్టం చివరి మూత తీసి అతని చేతిలో పెట్టింది.

మూత పోయాక చూపొచ్చింది. ఉప్పల్ వైపు తళతళలాడుతున్న ఒక వెలుగును పట్టుకుని, అది శుక్రుడనీ, దాని మీద సీసం కరిగేంత వేడి ఉంటుందనీ భార్యకు చాలాసేపు బోధించాడు. ఆవిడ ఓపిగ్గా అంతా వింది.

"మనం ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆ శుక్రుడు అక్కడే ఉన్నాడండీ," అంది. "కరెంటు పోతే ఆయనా పోతాడు."

బుచ్చిబాబు గొట్టాన్ని దక్షిణం వైపు తిప్పాడు. అక్కడ మినుకు మినుకుమనకుండా, నిలకడగా, పసుపుపచ్చగా ఒక చుక్క ఉంది. మరలు అటు తిప్పి ఇటు తిప్పి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. చిన్న ముత్యం. దానికి అడ్డంగా సూది గుచ్చినట్టు సన్నటి గీత. ఆ ఏడాది ఉంగరం అంచు మనవైపు తిరిగి ఉందనీ, అందుకే గీతలా కనిపిస్తుందనీ అతనికి తెలుసు. అయినా ఉంగరం ఉంగరమే. కమలకుమారి ఏమైందని అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ వంగాడు. ఇంత సంతోషం కలుగుతుందని అతను అనుకోలేదు.

సరిగ్గా అప్పుడే ఆరేసిన బట్టల కోసం వెంకటనర్సమ్మ మెట్లెక్కి వచ్చింది.

"సందమామ ఎప్పుడో మునిగింది గద, ఏం సూస్తున్రు?" అంది.

బుచ్చిబాబు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆవిడ బట్టలు భుజాన వేసుకుని, ఎవరూ పిలవకుండానే వంగి కన్ను ఆనించింది.

"ఎంత సక్కగున్నడు," అంది మెల్లగా. "ఏ దేవుడు బిడ్డా?"

గురుడు అన్న మాట బుచ్చిబాబు నాలుక చివరనే ఉంది. అంటే తాళంచెవి దక్కుతుంది. కానీ ఒక మందు సీసాకు ఇంకో మందు పేరు అంటిస్తే ఊరుకోని ఉద్యోగం పద్నాలుగేళ్లుగా చేస్తున్నాడాయె. పైగా ఆవిడ అడిగింది గుళ్లో పూజారిని అడిగినట్టు.

"శని, పిన్నిగారూ," అన్నాడు.

ఆవిడ తల చటుక్కున పైకి లేచింది. కొంగున తాళంచెవి గల్లుమంది. మేడ మీద తనకు ఇదే ఆఖరు రోజని బుచ్చిబాబు ఖాయం చేసుకున్నాడు. ఆవిడ అతని ముఖం చూసింది, ఆ పసుపు చుక్కను ఉత్త కళ్లతో చూసింది, మళ్లీ వంగింది.

"గింతేనా?" అంది. "గింతంత లేడు, నా కొడుకును ఆరేండ్లు తిప్పలు వెట్టిండా?"

కోపంగానే అంది, కానీ కన్ను మాత్రం తియ్యలేదు. కాసేపటికి ఆవిడ గొంతు మారింది. ఆయన అంచుకు జరుగుతున్నాడంది, పోతున్నాడంది.

భూమి తిరుగుతుంది గనక రెండు నిమిషాల్లో ఏ చుక్కయినా అద్దంలోంచి జారిపోతుందనీ, మర కాస్త తిప్పితే మళ్లీ వచ్చేస్తుందనీ చెబుతూ బుచ్చిబాబు చెయ్యి చాచాడు. వెంకటనర్సమ్మ కన్ను తియ్యకుండానే అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తేకు," అంది. "పోనియ్యి."

ముత్యం అంచు దాటి, చీకట్లోకి పూర్తిగా వెళ్లిపోయేదాకా ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత కొంగుతో ఒక కన్నే తుడుచుకుని, తాళంచెవి విప్పి కమలకుమారికిచ్చి, బట్టలతో కిందికి దిగిపోయింది.

ఆ వచ్చే శనివారం దయాకర్‌ను తీసుకుని మళ్లీ వచ్చింది. కుంటుతూ మెట్లెక్కిన కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి, కన్ను ఆనించమంది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఏడున్నరకు అదే వరస. శనిని వెతికి పట్టుకుని అద్దం మధ్యలోకి తేవడం బుచ్చిబాబు పని. తెచ్చాక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడాలి. ఆయన వెళ్లిపోయేదాకా దయాకర్ చూస్తాడు, కొడుకు ముఖం తల్లి చూస్తుంది.